జలాశయంలో గాలం: సామగ్రి కన్నా ముందు నీటిమట్టం

ఒడిశాలోని కొరాపుట్, మల్కనగిరి, రాయగడ జిల్లాల్లో ఉండే తెలుగువారిలో గాలం సరదా ఉన్నవారు చాలామంది ఊరి చెరువు గట్టు మీద వేట నేర్చుకున్నవారే. వెదురు గడ, ఇంచుమించు గడ పొడవే ఉండే నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, చిన్న కొక్కెం, గుప్పెడు వానపాములు ఉంటే చెరువుకు సరిపోతుంది. అదే సరంజామాతో కొలాబ్, జోలాపుట్, బలిమెల జలాశయాలకు వెళ్లినవారు తరచుగా ఖాళీ చేతులతో తిరిగొస్తారు. ఖరీదైన రీలు లేకపోవడమే కారణమని కొందరంటే, జలాశయంలో చేపలే తగ్గిపోయాయని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు గాని, అసలు చిక్కు వేరే చోట ఉంది. చెరువు నీరు దాదాపు ఒకే చోట నిలిచి ఉంటుంది. జలాశయం ఒడ్డు మాత్రం ఏడాది పొడవునా కదులుతూనే ఉంటుంది. చేప ఎక్కడ ఉంటుంది, దారం ఎంత మందం ఉండాలి, పడవ ఎక్కడ సురక్షితం అనే మూడు ప్రశ్నలకూ సమాధానం ఆ కదలికలోనే దొరుకుతుంది.

ఈ ప్రాంతంలోని పెద్ద జలాశయాలను విద్యుత్తు కోసం, సాగు కోసం కట్టారు. మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్‌లో నిలిపిన నీటితో 1955 నుంచి విద్యుత్తు తయారవుతోంది. ఆ నదే దిగువన సీలేరు పేరుతో సాగి, చిత్రకొండ వద్ద బలిమెల జలాశయంగా నిలుస్తుంది. కొలాబ్ నీరు విద్యుత్కేంద్రం గుండా దిగి జయపురం చుట్టుపక్కల పొలాలకు చేరుతుంది. బలిమెల పూర్తి నీటిమట్టం 1516 అడుగులు. విద్యుదుత్పత్తికి నీరు తీయగల కనిష్ఠ మట్టం 1440 అడుగులు. అంటే 76 అడుగుల తేడా. కొలాబ్‌లో ఈ హద్దులు 858 మీటర్లు, 844 మీటర్లు. తేడా 14 మీటర్లు, సుమారు 46 అడుగులు. ప్రతి ఏడూ ఈ తేడా అంతా వాడకానికి రాదు గాని, అందులో సగం తగ్గినా చాలు, వర్షాకాలం చివర మీరు కూర్చున్న రాయి వేసవికి నీటి అంచు నుంచి ఎంతో దూరాన ఎండలో మిగిలిపోతుంది. బలిమెల మట్టాన్ని సాధారణంగా అడుగుల్లోనూ, కొలాబ్ మట్టాన్ని మీటర్లలోనూ చెబుతారు కాబట్టి, పత్రికలో అంకె చూసి ‘రెండే తగ్గింది’ అనుకునే ముందు ఆ రెండు అడుగులో మీటర్లో గమనించడం అవసరం.

మట్టం ఇంతగా ఎగుడుదిగుడు అయ్యే చోట నీటి మొక్కలు స్థిరంగా వేరూనుకోవు. చెరువులో తామరాకుల పక్కన, తూటికాడ కింద చేపను వెతికే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆకుమడుగుల్లో దాగి పైకి వచ్చి గాలి పీల్చుకునే కొరమీను కోసం జలాశయం నడిమధ్యకు పడవ వేసుకుని వెళ్లడం వృథా ప్రయాస. దానికి ఊరి చెరువులు, వరిమళ్ల పక్క కుంటలు, జలాశయం తోకభాగంలోని లోతు తక్కువ మడుగులే సరైన చోట్లు. జలాశయంలో ఆకుల చాటు పాత్రను మునిగిన చెట్ల మోళ్లు, పాత నది గట్టు, వాగులు వచ్చి కలిసే మూలలు, నిటారుగా దిగే కొండ అంచులు పోషిస్తాయి.

నీరు తగ్గుతున్నప్పుడు చేప ప్రవర్తన ఒకలా, పెరుగుతున్నప్పుడు మరోలా ఉంటుంది. మట్టం రోజురోజుకూ తగ్గే జనవరి నుంచి జూన్ వరకు చేపలు చదునైన ఒడ్డును నమ్మవు. లోతు ఒక్కసారిగా పెరిగే అంచుల వెంట ఉంటాయి. తొలి వానలకు మట్టం పెరగడం మొదలవగానే, వేసవిలో ఎండిన నేల మీద మొలిచిన గడ్డి నీట మునుగుతుంది. అందులోని వానపాములు, పురుగులు, చీమలు బయటపడతాయి. అప్పుడు మోకాలి లోతు నీటిలోకి కూడా పెద్ద చేపలు వస్తాయి. ఆ వారాల్లో పడవ అసలు అక్కర్లేదు. ఒడ్డున చప్పుడు చేయకుండా నిలబడగలిగితే చాలు, నిన్నటి వరకు పొడిగా ఉన్న చోట ఎర వేయవచ్చు. దూరంగా విసరడమే నేర్పు అనుకునేవారు తమ కాళ్ల ముందున్న చేపను దాటించి గాలం వేస్తుంటారు.

మూడో సంగతి లోతుకు సంబంధించింది. వేసవిలో పై నీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది. అడుగు నీరు చల్లగా, బరువుగా కిందే నిలుస్తుంది. రెండూ కలవవు. అడుగున కుళ్లే ఆకులు, కలప అక్కడి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి, పై నుంచి కొత్తది చేరదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో అరవై అడుగుల లోతున అడుగుకు ఎర దింపి కూర్చోవడం వల్ల ప్రయోజనం చాలా తక్కువ. అడుగున మేసే మోసు చేప సైతం అప్పుడు లోతు తక్కువ అంచుల అడుగునే మేస్తుంది. కొరాపుట్ పీఠభూమి చలికి పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగినప్పుడు, వర్షాకాలంలో వరద నీరు వచ్చి కలిపినప్పుడు ఈ పొరలు చెదిరిపోతాయి.

ఇక సామగ్రి విషయం. జయపురం సంతలో రుహి, భకుర, మిరికాలి అని అమ్మేవే మన రోహు, బొచ్చె, మోసు. ఈ మూడింటి నోళ్లను ఒకసారి పక్కపక్కన పెట్టి చూసినవారికి బెండును ఎక్కడ కట్టాలో వేరే చెప్పనక్కర్లేదు. బొచ్చె కింది దవడ ముందుకు, నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులను పైపొరల్లో వడగట్టి తింటుంది. రోహు అంచులు చీలిన పెదవులతో మధ్య నీటిలో మేస్తుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అది అడుగు మట్టిని వెతుకుతుంది. నలభై అడుగుల లోతు మీద కూడా బొచ్చె కోసం ఎర నాలుగైదు అడుగుల్లో వేలాడితే సరిపోతుంది. దీనికి వెదురు గడ కూడా చాలు. మిగిలిన రెండింటికే తిప్పలు.

బెండును దారానికి బిగించి కట్టేస్తే ఎర లోతు గడ పొడవును దాటలేదు. దాటితే విసరడమూ కుదరదు, చేపను చేతికి అందుకోవడమూ కుదరదు. పదిహేను, ఇరవై అడుగుల లోతుకు జారుడు బెండు కావాలి. కావలసిన లోతు దగ్గర దారం మీద మరో చిన్న దారపు ముక్కతో ముడి వేస్తారు. దాని కింద ఒక పూస, పూస కింద స్వేచ్ఛగా జారే బెండు, ఆ కింద సీసపు గుండు, చివర కొక్కెం ఉంటాయి. విసిరేటప్పుడు బెండు గుండు దగ్గరకు జారి ఉంటుంది. నీటిలో పడ్డాక గుండు కిందికి లాగుతుంటే దారం బెండులోంచి జారుతూ పోయి, ముడి తగలగానే ఆగుతుంది. ముడి మాత్రం రీలులోకి చుట్టుకుపోయేంత సన్నగా ఉండాలి. రీలు కొనడానికి అసలు కారణం ఇదే, దూరం విసరడం రెండో సంగతి. లోతు తెలియకపోతే ఇదంతా ఊహే అవుతుంది కాబట్టి, ముందుగా కొక్కెం లేకుండా బరువైన గుండును దింపి కొలవాలి. నీటి పైన కనిపించే కొండవాలు ఎంత నిటారుగా ఉందో చూసినా కొంత తెలుస్తుంది, ఆ వాలే నీటి కింద కూడా చాలా దూరం అలాగే సాగుతుంది.

దారం ఎంపికలో మోళ్లను, రాళ్లను దృష్టిలో పెట్టుకోవాలి. అల్లిన దారం అదే మందం గల నైలాన్ కన్నా చాలా బలమైనది, సాగదు, చిన్న కాటును కూడా చేతికి చెబుతుంది. అయితే రాతి అంచుకు ఒరుసుకుంటే సులువుగా తెగుతుంది. నైలాన్ దారం సాగుతుంది, ఒరిపిడిని కొంత ఓర్చుకుంటుంది, ధర తక్కువ. ఈ జలాశయాల్లో కొత్తగా మొదలుపెట్టేవారికి 0.35 లేదా 0.40 మిల్లీమీటర్ల నైలానే నా ఎంపిక. అల్లిన దారమే ఇష్టమైతే చివర రెండు మూడు మీటర్ల మందపాటి నైలాన్ కలపాలి. నైలాన్‌కు ఎండ శత్రువు. పడవలో నెలల తరబడి ఎండిన దారం చూడడానికి బాగానే ఉన్నా బలం కోల్పోయి ఉంటుంది. ముడి బిగించే ముందు ఉమ్మితోనో నీటితోనో తడపాలి. పొడి ముడి బిగిసేటప్పుడు పుట్టే వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

రీలు బ్రేకును, అంటే డ్రాగ్‌ను, చేతితో లాగి ‘గట్టిగానే ఉంది’ అని తేల్చేవారు ఎక్కువ. దారం బలంలో మూడో వంతుకు మించకుండా డ్రాగ్ పెట్టడం మంచి పద్ధతి. 9 కిలోల దారమైతే 3 కిలోల లాగుడుకే రీలు దారం వదలాలి. కిరాణా కొట్టు వేలాడే త్రాసుతో ఒకసారి కొలిచి చూస్తే చేతికి ఆ బిగువు అలవాటవుతుంది. మోళ్ల మధ్య చేపను పరుగెత్తనివ్వకూడదని డ్రాగ్‌ను పూర్తిగా బిగించేవారున్నారు. అలా చేస్తే తెగేది తరచుగా ముడి దగ్గరే. మోళ్లున్న చోట గుండును అసలు దారం కన్నా సన్నని దారపు ముక్కతో విడిగా కట్టడం మేలు. గుండు ఇరుక్కుంటే ఆ ముక్క ఒక్కటే తెగి, కొక్కెమూ చేపా మిగులుతాయి. పోయేది ఎలాగూ పోతుంది కనుక సీసానికి బదులు పాత ఇనుప నట్టు వాడితే ఖర్చూ ఉండదు, నీటిలో సీసపు విషమూ చేరదు.

కొక్కేల నంబర్లు కొత్తవారిని తికమక పెడతాయి. 10 కన్నా 6 పెద్దది, 6 కన్నా 2 పెద్దది. 1 తర్వాత 1/0, 2/0 అని మొదలై అక్కడి నుంచి అంకె పెరిగేకొద్దీ కొక్కెమూ పెరుగుతుంది. పరిగెలకు 12, రోహు, మోసులకు 6 నుంచి 2 వరకు, వాలుగకు 4/0 దరిదాపుల్లో చూసుకోవచ్చు. వాలుగ నోటినిండా ఉండే సన్నని పళ్లు దారాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి, కాబట్టి దానికి చివరి జానెడు తీగ గాని, మందపాటి దారం గాని తప్పదు.

ఎరల గురించి ఒక మాట చాలు. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద మల్కనగిరిలో స్థిరపడిన తూర్పు బెంగాల్ కుటుంబాలతో పాటు బెంగాలీల గాలం పద్ధతి కూడా ఇక్కడికి చేరింది. మన తెలగపిండి, తవుడు ముద్దకు వారు చీమగుడ్లు జోడిస్తారు. ముద్ద చుట్టూ రెండు మూడు కొక్కేలను గుచ్చి, చేప ముద్దను చప్పరించేటప్పుడు చిక్కేలా చేస్తారు. ఈ జిల్లాల్లో ఎర్రచీమలు పచ్చడికి కూడా కావాలి కనుక సంతలో బేరం గట్టిగానే ఉంటుంది. పెంపకపు చెరువులో చేపకు తవుడు రోజూ అందే మేత, జలాశయంలో దానికి ఆ వాసన పరిచయం ఉండదు. ఒకే చోట వరుసగా కొన్ని రోజులు మేత వేసి అలవాటు చేయాలి. ఈ లోగా మట్టం నాలుగు అడుగులు తగ్గితే మేత వేసిన చోటు మారిపోతుందన్నది మరచిపోకూడదు.

పడవ దగ్గరకు వచ్చేసరికి చేపకూ మనిషికీ ప్రయోజనాలు ఎదురెదురు దిశల్లో నడుస్తాయి. గాలి పైనీటిని, అందులోని సూక్ష్మజీవులను ఒక ఒడ్డుకు నెడుతుంది. వాటి వెనక చిన్న చేపలు, బొచ్చెలు అక్కడికే చేరతాయి. అలలు పడవను రాళ్లకేసి కొట్టేది కూడా ఆ ఒడ్డునే. కనుక గాలి కొట్టే ఒడ్డున నేల మీద నిలబడి వేటాడాలి, గాలి చాటు ఒడ్డున పడవ వాడాలి. చాలా ప్రమాదాలు ఈ రెంటినీ తారుమారు చేయడం వల్లే జరుగుతాయని నా అభిప్రాయం.

గాలికి అడ్డులేని నీటి పొడవు ఎంత ఎక్కువైతే అల అంత పెద్దదవుతుంది. బలిమెల కొండల మధ్య చేతివేళ్లలా చీలి ఉంది. ఒక పాయలో అద్దంలా ఉన్న నీరు, పాయ దాటి వెడల్పు నీటిలోకి వచ్చేసరికి ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నం దాటాక వచ్చే కాలబైశాఖి గాలివాన చాలా తక్కువ వ్యవధిలో ముంచుకొస్తుంది. ఆ నెలల్లో మధ్యాహ్న భోజనం వేళకే ఒడ్డు చేరడం మేలు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. కార్బన్ గడ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి దాన్ని నిలబెట్టి పట్టుకోకుండా అడ్డంగా పడవలో పడుకోబెట్టాలి. అల మధ్య చిక్కుకుంటే పడవ ముక్కును అలకు ఎదురుగా, కొంచెం ఏటవాలుగా ఉంచి నెమ్మదిగా తెడ్డు వేయాలి. పక్కకు తిప్పితే ఒక్క అల చాలు.

నాటుపడవలో మనుషులు, సామాను ఎక్కాక అంచు నీటికి కనీసం జానెడు పైన ఉండాలి. లేదంటే ఒకరు దిగాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. 2021 మే నెలలో హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు తిరిగొస్తున్న ఒడిశా వలస కూలీలు రాత్రిపూట సీలేరు దాటుతూ నాటుపడవలు మునిగి ప్రాణాలు కోల్పోయారు. గాలం వేసేవారికి ఆ అత్యవసరం లేదు. కూర్చునే విసరాలి, ఒకరి తర్వాత ఒకరు విసరాలి. పెద్ద చేప పడవ పక్కకు వచ్చినప్పుడు ఇద్దరూ అదే వైపు వంగడం వల్ల పడవ బోల్తా పడుతుంది. ఒకరు చేతివలతో వంగితే రెండోవారు ఎదురు వైపు అంచున కదలకుండా కూర్చోవాలి. బోల్తా పడితే ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదడానికి తొందరపడకూడదు. చెక్కపడవ మునిగినా తేలుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండడమే క్షేమం.

లైఫ్ జాకెట్ ఉబ్బగా ఉందని సీటు కింద దిండులా వాడుకునేవారికి ఒక లెక్క. పెద్దవారి తలను నీటి పైన నిలపడానికి సుమారు 7 కిలోల తేలుడు బలం చాలు. గట్టిగా మూత బిగించిన 10 లీటర్ల ఖాళీ నూనె డబ్బా దాదాపు 10 కిలోల బలం ఇస్తుంది. జాకెట్ దొరకని ఊళ్లో అటువంటి డబ్బాను పడవకు పొడవాటి తాడుతో కట్టి ఉంచితే మునిగేవారికి విసరడానికి పనికొస్తుంది. అది జాకెట్‌కు ప్రత్యామ్నాయం కాదు, స్పృహ తప్పినవారు డబ్బాను పట్టుకోలేరు.

లంగరును పడవ ముక్కుకే కట్టాలి. వెనక వైపు కడితే అల నేరుగా లోపలికి దూకుతుంది. తాడు నీటి లోతుకు మూడు రెట్లకు తక్కువ కాకూడదు, గాలిలో ఇంకా ఎక్కువ కావాలి. మోళ్ల మధ్య ఇనుప కొక్కేల లంగరు ఒకసారి పట్టుకుంటే వదలదు, కాబట్టి తాడు కట్టిన పెద్ద రాయే ఇక్కడ మంచిది. ఏదైనా సరే, తాడు కోయడానికి కత్తి చేతికందే చోట ఉండాలి. మోటారు వాడేవారు మోళ్లున్న మేర దాన్ని ఎత్తి తెడ్డుతోనే వెళ్లాలి. గత వారం ప్రొపెల్లరుకు తగలని మోడు ఈ వారం తగులుతుంది. మే చివర, మట్టం అడుగంటినప్పుడు ఒకసారి వెళ్లి మోళ్లను, పాత నది పాయను, రాళ్లను ఫోన్‌తో ఫొటోలు తీసి ఆ రోజు మట్టం రాసిపెట్టుకుంటే, నవంబరులో నీటి కింద ఏముందో లెక్కకట్టవచ్చు.

ఆనకట్టకు, నీరు లోపలికి లాగే విద్యుత్కేంద్రం తూముకు, మిగులు నీరు వదిలే స్పిల్‌వేకు దగ్గరగా వెళ్లకూడదు. అక్కడి లాగుడు పైకి కనిపించదు. ఈ జలాశయాల్లో చేపల హక్కులు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి కాబట్టి ముందుగా సొసైటీ కార్యదర్శిని అడగడం మర్యాద, అవసరం కూడా. వారు సాయంత్రం వేసే వలలకు గుర్తుగా తేలే ప్లాస్టిక్ సీసాలకు ఎడంగా పడవ నడపాలి. గాలం వలకు చిక్కితే కోయవలసింది మీ దారాన్నే.

పడవను ఒడ్డున కట్టడంలోనూ మట్టం లెక్క ఉంది. మట్టం తగ్గే రోజుల్లో పొట్టి తాడుతో కట్టిన పడవ తెల్లారేసరికి వాలు మీద ఒరిగి, సామాను ఒలికి ఉంటుంది. ఎగువన మాచ్‌ఖండ్ నుంచి నీరు వదిలినప్పుడో, రాత్రి కొండల మీద వాన పడినప్పుడో బలిమెలలో నీరు పెరిగితే, నీటి అంచున పాతిన గుంజ మునిగి పడవ కొట్టుకుపోతుంది. కాబట్టి వానాకాలంలో పడవను ఒడ్డుకు లాగినా సరే, తాడును పాత నీటిచారకు పైన ఉన్న చెట్టుకే కట్టాలి. వేసవిలో రాత్రికి తెడ్లు, గడలు, లంగరు పడవలోంచి తీసేసి, తాడును రెండు మూడు గజాలు వదులుగా ఉంచాలి.